బడిలో ఒక ఇల్లు

లండన్ నగరంలో తూర్పు వైపున హాక్నీ అనే పేట ఉన్నది. రాజభవనమూ, థేమ్స్ నదిమీది వంతెనలూ చూడటానికి వెళ్ళే యాత్రికులు ఈ పేటకు అంతగా రారు. ఇక్కడ వరస ఇళ్ళూ, దుకాణాలూ, బడులూ తప్ప పెద్ద వింతలేమీ కనిపించవు. కాని 1969 ప్రాంతంలో ఈ పేటలోని బడులలోనే ఒక కొత్తరకం గది పుట్టింది. ఇప్పుడు అలాటి గదులు బ్రిటన్‌లో ఎన్నో ప్రాథమిక పాఠశాలలలో ఉన్నాయి. ఈ నెల మనం చూడబోయే చోటు అదే.

దాని పేరు నర్చర్ గది. నర్చర్ అంటే పెంచి పోషించటం. మన మాటల్లో "సాకే గది" అనుకోవచ్చు.

రండి, తలుపు తోసుకుని లోపలికి పోదాం. ఉదయం తొమ్మిది దాటింది. ఇది నిజంగా బడేనా అని మనకు అనుమానం వస్తుంది. ఒక పక్క మెత్తని సోఫా, దాని ముందు తివాచీ ఉన్నాయి. ఇంకో పక్క చిన్న వంటిల్లు. అక్కడ రొట్టెముక్కలు కాలుతున్న కమ్మని వాసన! నడుమ ఒక బల్ల, దానిచుట్టూ పది, పన్నెండు చిన్న కుర్చీలు. ఒక మూల దిళ్ళు పరిచిన గూడులాటి చోటు ఉన్నది. కోపం వచ్చినవాడూ, ఏడుపు వచ్చినవాడూ అక్కడ కాసేపు కూర్చోవచ్చు. ఎవరూ గద్దించరు. పుస్తకాలూ, పలకలూ లేకపోలేదు. వాటి వంతు తరవాత వస్తుంది.

గదిలో పెద్దవాళ్ళు ఇద్దరు: ఒకరు టీచరు, ఒకరు ఆమెకు సహాయకురాలు. ఇద్దరెందుకు? పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, ఎలా సాయపడతారో పిల్లలు కళ్ళారా చూడాలి. అది కూడా ఇక్కడ ఒక పాఠమే.

అదిగో, ఫలహారం మొదలయింది. బల్ల చివర ఒక ఆరేళ్ళవాడు కూర్చున్నాడనుకోండి. జాం సీసా చేతులు మారుతూ నెమ్మదిగా వస్తున్నది. వాడు ఆగలేక లేచి, పక్కవాడి చేతిలోంచి సీసా లాక్కోబోయాడు. వేరే చోట అయితే వీపు మీద దెబ్బ పడేది. ఇక్కడ టీచరు వాడి పక్కకు వచ్చి, "నీ వంతు వచ్చేలోపల అయిపోతుందని భయపడ్డావు కదూ? చూడు, ఇంకా సగం సీసా ఉన్నది. తరవాత నీదే," అంటుంది. వాడు కూర్చుంటాడు. సీసా వస్తుంది. మర్నాడు వాడు మళ్ళీ లేస్తాడు, మళ్ళీ అదే మాట. పది రోజులకో, నెలకో వాడు లేవకుండా కూర్చుంటాడు. ఆ రోజు ఆ గదిలో పండగే!

ఈ గదిని మొదలుపెట్టినామె మార్జొరీ బాక్సాల్. ఆమె లండన్ విద్యాశాఖలో మనస్తత్వ నిపుణురాలు. ఆ రోజుల్లో హాక్నీలో బీదతనం ఎక్కువ. కరీబియన్ దీవులనుంచీ, ఇతర దూరదేశాలనుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. తల్లిదండ్రులకు పగలూ రాత్రీ పనే. అయిదేళ్ళకు బడిలో చేరిన పిల్లలలో కొందరు తన్నేవారు, కరిచేవారు, బల్లల కింద దూరేవారు. ఇంకొందరు నోరే విప్పేవారు కారు. టీచర్లకు దిక్కు తోచలేదు. అలాటి పిల్లలను మామూలు బడినుంచి తీసేసి, ప్రత్యేకమైన బడులకు పంపెయ్యమనేవారు.

బాక్సాల్ ఆ పిల్లలను జాగ్రత్తగా గమనించింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మూడేళ్ళ పిల్లవాడు ఇంట్లో అమ్మ చెంగు పట్టుకు తిరుగుతూ నేర్చుకునేవి కొన్ని ఉంటాయి. వంతుకోసం ఆగటం, అడిగి పుచ్చుకోవటం, అమ్మ పక్క గదిలోకి వెళ్ళినా తిరిగి వస్తుందని నమ్మటం వంటివి. కష్టాల మధ్య వీళ్ళకు ఆ పాఠాలు అందలేదు. అందుచేత ముందు ఆ మూడేళ్ళ పాఠాలు చెప్పి, తరవాతే ఆరేళ్ళ పాఠాలు చెప్పాలన్నది ఆమె. పాఠాలకు తగినట్టుగా గది కూడా ఇల్లులాగే ఉండాలి గదా!

ఇందులో శరీరశాస్త్రం కూడా ఉన్నది. మనకు భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. పులి ఎదురయితే పరుగెత్తటానికి ఇది చాలా మంచి ఏర్పాటు. ఎక్కాలు వల్లించటానికి మాత్రం పనికిరాదు! ఒళ్ళు కుదుటపడితేగాని బుద్ధి పాఠం మీద నిలవదు.

ఇలాటి ప్రశాంతమైన గదులలో తరచుగా ఇసుక తొట్టి కూడా కనిపిస్తుంది. దానికీ ఒక కథ ఉన్నది. 1928లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు లండన్‌లోనే బాధలో ఉన్న పిల్లలకోసం ఒక వైద్యశాల తెరిచింది. హెచ్. జి. వెల్స్ అనే రచయిత తన కొడుకులతో నేలమీద బొమ్మలతో ఆడిన ఆటలను గురించి 1911లో ఒక పుస్తకం రాశాడు. అది జ్ఞాపకం వచ్చి, ఆమె ఒక పెట్టెలో చిన్నచిన్న బొమ్మలు పోగుచేసింది. వైద్యశాలలో జింకు రేకు తొట్టెలలో ఇసుకా, నీళ్ళూ కూడా ఉంచింది. పిల్లలు ఏం చేశారనుకున్నారు? ఎవరూ చెప్పకుండానే బొమ్మలను తీసుకుపోయి ఇసుకలో నిలబెట్టి, ఊళ్ళూ, అడవులూ, యుద్ధాలూ కల్పించారు. దానికి "ప్రపంచం" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు! నోటితో చెప్పలేని బాధ ఇసుకలో బయటపడింది. ఆమె ఆ పద్ధతినే వైద్యంగా మలిచింది. అంటే దాన్ని సగం కనిపెట్టినవాళ్ళు పిల్లలే నన్నమాట.

1994లో లండన్ బడులలో "ప్లేస్ టు బి" అనే మరో సంస్థ పని మొదలుపెట్టింది. దాని గదులలో ఇసుకా, రంగులూ, బొమ్మలూ ఉంటాయి. పిల్లల మాట వినటానికి శిక్షణ పొందినవారు ఉంటారు. మనసులో ఏదైనా దిగులున్నవాడు చీటీ రాసి పెట్టెలో వేస్తే చాలు, మధ్యాహ్నం సెలవులో పిలిచి మాట్లాడతారు.

"అల్లరి చేసినవాడికి సోఫా, జాం రొట్టే? బుద్ధిగా ఉన్నవాళ్ళకు మామూలు బల్లలా?" అని మీలో కొందరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కాలు విరిగినవాడికి కర్ర ఇస్తే మనకు అసూయ కలగదు. ఎందుకంటే విరిగిన కాలు కంటికి కనపడుతుంది. మనసుకు తగిలిన దెబ్బ కనపడదు. అంతే తేడా.

ఇంకో సంగతి. ఈ గది ఎవరికీ శాశ్వతం కాదు. పిల్లవాడి పేరు వాడి అసలు తరగతి పట్టికలోనే ఉంటుంది. ఆటలకు తోటివాళ్ళతోనే వెడతాడు. ఒక ఏడాదికో, కాస్త అటూ ఇటుగానో వాడు తన తరగతికి పూర్తిగా తిరిగి పోవాలి. ఎవరు సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవటానికి 1984లో బాక్సాల్ పేరుతో ఒక ప్రశ్నల పట్టిక కూడా వెలువడింది. టీచర్లు పిల్లవాడిని గమనించి దాన్ని నింపుతారు.

కాని ఆ పట్టికలో తేలని సంగతి ఒకటున్నది. మన ఆరేళ్ళవాడు తిరిగి వచ్చిన రోజున తరగతి గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తాడు. సోఫా లేదు, జాం సీసా లేదు. ముప్ఫై మంది పిల్లలు తలలు తిప్పి వాడినే చూస్తున్నారు. వాడి గుండె మళ్ళీ దడదడలాడుతుంది. అప్పుడు ఏ టీచరూ చెయ్యలేని పని ఒకటి ఉన్నది. ఎవరో ఒక పిల్లవాడు బల్లమీద కాస్త పక్కకు జరిగి, "ఇక్కడికి రా," అనాలి.

దానికి ప్రత్యేకమైన గది అక్కరలేదు. ఏ బడిలోనైనా జరగవచ్చు, మీ బడిలో కూడా.