జాజుగోడ

గోడలు కూలిన తరువాత కూడా నిలిచి ఉండే ఇల్లు ఒకటి ఉంటుందని నాకు మా అమ్మాయి ఆడుకొనే ఆట వల్ల తెలిసింది.

మేము కుత్బుల్లాపూర్‌లో స్థిరపడి ఇరవై ఏండ్లు దాటింది. శామీర్‌పేట వైపు పల్లెలో ఉన్న మా పాత పెంకుటింటిని పన్నెండేండ్ల క్రితం అమ్మివేశాను. కొన్నవారు దానిని పడగొట్టి మేడ కట్టుకొన్నారు. కాగితాల మీద సంతకం చేసినవాణ్ణి నేనే. ఆనాటి నుంచి మా అమ్మ ఆ ఇంటి మాట ఎత్తలేదు. నేనూ సాహసించలేదు.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. తీరిక వేళల్లో కంప్యూటర్‌లో 'ది సిమ్స్ 4' అనే ఆట ఆడుతుంది. ఇండ్లు కట్టి, అందులో మనుషులను కాపురం పెట్టించి, వారి దినచర్యను నడిపించడమే ఆ ఆట. ఈ ఆటల పరంపరకు ఆద్యుడు విల్ రైట్ అనే అమెరికా దేశీయుడు. 1991లో ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన కార్చిచ్చులో ఆయన ఇల్లు దగ్ధమైంది. సంసారాన్ని మళ్లీ కూడదీసుకొనేటప్పుడు కలిగిన ఆలోచనలు 2000లో వెలువడిన తొలి ఆటకు బీజాలైనాయి. ఇల్లు పోగొట్టుకొన్నవాడు కల్పించిన ఆట ఇది.

ఆ ఆటలో ఇటుక గోడలు, చెక్క పలకలు, పూల కాగితాలు ఎన్నో ఉన్నాయి. మన జాజు, సున్నం మాత్రం మా అమ్మాయికి కనిపించలేదు. ఆటగాళ్లు సొంతంగా చిత్రించిన గోడలను, ఔత్సాహికులు రూపొందించిన 'సిమ్స్ 4 స్టూడియో' అనే సాధనంతో ఆటలో చేర్చుకొనే వీలుంది.

"నాన్నా, నాయనమ్మ ఇంటి గోడ చేస్తాను. జాజు ఎంత ఎత్తు వరకు ఉండేది?" అని అడిగింది.

ప్రబంధాలలోని పురవర్ణనలపై గంటల తరబడి ఉపన్యసించగల నేను నిరుత్తరుడనయ్యాను. పుట్టి పెరిగిన ఇంటి గోడను నేను శ్రద్ధగా చూడనే లేదు!

గుమ్మం వద్ద నిలబడిన అమ్మ మెల్లగా అన్నది: "మోకాలెత్తు దాక జాజు, పైన సున్నం బిడ్డా. సున్నంల జరంత నీలిమందు కలిపేది." తన పెట్టెలోంచి ఒక పాత ఫొటో కూడా తీసి ఇచ్చింది. అన్నేండ్ల మౌనం అలా వీడింది.

ఫొటోలోని గోడ ముక్కను అమ్మాయి చిత్రంగా మలిచింది. ఆటలో ఒకే చిత్రం పక్కపక్కనే మళ్లీ మళ్లీ పరచుకొంటుంది. కుడి అంచు ఎడమ అంచుతో కలవకపోతే అతుకు బయటపడుతుంది. చిత్రాన్ని సగం మేర పక్కకు జరిపితే రెండంచులూ నడుమకు వచ్చి కలుస్తాయి. అక్కడ అతుకును రంగుతో మాపివేయాలి. ఒకవైపు ఎక్కువగా పడిన వెలుగును సమం చేయాలి. గోడలకు మూడు ఎత్తులున్నందున, మూడింటిలోనూ జాజు మోకాలెత్తే ఉండేటట్లు వేరువేరుగా చిత్రాలు సిద్ధం చేయాలి. రెండు పదాలు ఒకటై పలికే సంధి వంటిదే ఈ పని అని నాకు తోచింది.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. జాజు అంచున, గుడ్డతో అలికేటప్పుడు పడిన అమ్మ వేళ్ల ముద్రలున్నాయి. అడుగడుగునా అవే ముద్రలు కనిపించి గోడ కృతకమైపోయింది.

"చెరిపేయక తప్పదు నాన్నా" అన్నది.

పునరుక్తి దోషమని తరగతిలో బోధించే నేను కాదనలేకపోయాను. కాని మనసు ఒప్పలేదు. ఆ చేతి గుర్తును ఒకసారి చెరిపినవాణ్ణి, మళ్లీ చెరపనా?

దారి అమ్మాయే చూపింది. ముద్రలు లేని గోడ ఒకటి, ఉన్న గోడ ఒకటి చేసింది. మొదటిదానిని ఇల్లంతటా పరచింది. రెండవదానిని తలుపు పక్కన ఒక్కచోటనే నిలిపింది.

అమ్మ తెర ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "దర్వాజ పక్కన దీపం గూడు మరిచిన్రు" అన్నది. ఆ సాయంత్రం నుంచి ఇంటిని గది గదిగా చెబుతూనే ఉన్నది. మేము రాసుకొంటూనే ఉన్నాము.

తెర మీది ఇంట్లో ఎవరూ కాపురముండలేరు. పోయిన ఇల్లు తిరిగి రాదు. అయినా చెప్పేవారు ఉన్నప్పుడే అడగాలి. నేను అడగడానికి పన్నెండేండ్లు పట్టింది. మీరు ఈ రాత్రికే అడగండి.