గేటు దాకా

ఎడారీ, మాల్సూ తప్ప కువైట్‌లో చూడటానికేముందని ఊరికెళ్ళినప్పుడల్లా అడుగుతారు. అందుకే ఒక శుక్రవారం నేనూ, ఒక మిత్రుడూ పాత నగరాన్నీ, కువైట్ విశ్వవిద్యాలయాన్నీ చూసి వద్దామని బయలుదేరాం. మిత్రుడిది రాజంపేట దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. కారు నాదే, దారి మాత్రం అతను చెప్పాలి.

1920లో దాడులకు భయపడి ఊరి జనమే ఈ నగరం చుట్టూ మట్టిగోడ కట్టుకున్నారు. చమురు డబ్బు వచ్చి నగరం పెరిగాక, 1957లో గోడను పడగొట్టి ద్వారాలు మాత్రం ఉంచారు. జహ్రా గేటు ఇప్పుడు రౌండెబౌట్ మధ్యలో ఒంటరిగా ఉంది. చుట్టూ కార్లు తిరుగుతుంటాయి, లోపలికి వెళ్ళేవాళ్ళెవరూ లేరు.

అక్కణ్ణుంచి ముబారకియా బజారుకి వెళ్ళాం. ఖర్జూరాలు, కుంకుమపువ్వు, అత్తర్లు. 1961లో దినారు వచ్చేదాకా ఈ వీధుల్లో రూపాయలే చెల్లేవన్నాను. "అట్లయితే మనం శానా లేటుగా వచ్చినామన్నా" అని నవ్వాడు. 1911లో వర్తకుల చందాలతో ముబారకియా బడి తెరిచారు. ఆ తర్వాత యాభై అయిదేళ్ళకు, 1966లో, 418 మంది విద్యార్థులతో విశ్వవిద్యాలయం మొదలైంది. షువైఖ్, ఖాల్దియా, కైఫాన్ అంటూ ఊరంతా పరుచుకున్న కాలేజీలను 2019 నుంచి షదాదియాలో కట్టిన కొత్త ప్రాంగణానికి మార్చడం మొదలుపెట్టారు.

ఖాల్దియా చేరేసరికి మావాడు గైడైపోయాడు. "బాబా పెద్దకూతురు ఈడే సదివింది. నాలుగేండ్లు ఈ గేటుకాడ్నే దింపినా." ఇంటి యజమానిని మనవాళ్ళిక్కడ బాబా అంటారు. మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుందో, ఏ మలుపులో పార్కింగు దొరుకుతుందో అన్నీ చెప్పాడు. లోపల ఏముంటుందని అడిగితే, "మనకేం పనన్నా లోపల" అన్నాడు.

షదాదియా ఎడారిలో లేచిన ఒక ఊరిలా ఉంది. విశ్వవిద్యాలయం పుట్టినప్పటి అమీరు సబా అల్ సాలెం పేరే దానికి పెట్టారు. సెలవు కాబట్టి బయటి నుంచే ఒక చుట్టు తిరిగాం. బాబా చిన్నకూతురిని ఇప్పుడు ఇక్కడికే తెస్తున్నాడట.

"మరి మీ అమ్మాయో?" అన్నాను.

"కడపలో ఎమ్మెస్సీ అన్నా, యోగి వేమన యూనివర్సిటీలో."

అది 2006లో వచ్చింది. అప్పటికి వాళ్ళమ్మాయి పసిపిల్ల.

"చూశావా?"

"యాడ! బాబావాళ్ళు ఎండాకాలం బయటి దేశం పోయినప్పుడే నాకు లీవు. నేను పోయేతలికి దానికీ సెలవులే. గేటు కూడా సూడలేదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు: "ఈ తూరి డిసెంబరులో అడిగినా."

"ఏమన్నాడు?"

"పాపకు పరీక్షలు కదా, ఎవరు దింపుతారు అన్నాడు."