రామగుండం 44 డిగ్రీలు, మరి మా ఊరు?

మేం గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్న హాస్టల్ పిల్లలం. తిర్యాణి, కెరమెరి, సిర్పూర్ (యు), ఏటూరునాగారం... ఒక్కో గదిలో ఒక్కో మండలం. గోండులం ఉన్నం, కోలాములు, కోయలు, నాయకపోడ్లు, లంబాడా దోస్తులు ఉన్నరు. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కినవాళ్లలో దాదాపు అందరం మేమే మొదలు. ఈసారి రాసేది పరీక్షల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కూడా కాదు. టీవీలో వచ్చే వాతావరణ వార్త గురించి. నవ్వకుండా చదవండి.

రామగుండం పేరు మాకు ఇక్కడికి రాకముందే తెలుసు. ఆశ్రమ పాఠశాలలో అన్నం తినే హాల్లో ఒక టీవీ ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో ఒక వరుస చదివేటోళ్లు: ఆదిలాబాద్, నిజామాబాద్, రామగుండం, హన్మకొండ, ఖమ్మం, భద్రాచలం. పక్కన అంకెలు. రామగుండం పక్కన ఎప్పుడూ పెద్ద అంకే. బొగ్గు గనులు, ఎన్టీపీసీ అన్నీ తర్వాత తెలిసినయి. అప్పుడు మాకు రామగుండం అంటే ఊరు కాదు, ఎండకు ఇంకో పేరు.

ఇక్కడికొచ్చినంక అర్థమైంది ఏందంటే, ఆ పేర్లు చదివింది అక్కడే ఎండ ఎక్కువని కాదు. అక్కడ వాతావరణ శాఖ వాళ్ల కొలిచే కేంద్రం ఉంది కాబట్టి. థర్మామీటర్ ఉన్న ఊరికే టీవీలో ఎండ ఉంటది. లేని ఊరికి ఉండదు. మా తిర్యాణి గుట్టల్లో ఎంత కాసినా, కెరమెరి ఘాట్ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచినోళ్ల కాళ్లు ఎంత కాలినా, ఆ రోజు మా లెక్క ఆదిలాబాద్ అంకెలోనో రామగుండం అంకెలోనో కలిసిపోయేది.

మా పెద్దోళ్లకైతే ఆ మాత్రం కూడా లేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది గానీ మా ఊర్లకు టీవీ చేరేసరికి చాలా ఏండ్లు పట్టింది. పంచాయతీ ఆఫీసులో ఒక్క టీవీ, ఊరంతా దాని ముందే. వార్తల చివర రాగల 24 గంటలు అని మొదలుపెట్టి కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని మూడు పేర్లతో రాష్ట్రం మొత్తాన్ని ముగించేటోళ్లట. 23 జిల్లాలకు మూడు పేర్లు! అక్కడక్కడా జల్లులు పడతాయని చెప్తే మా బాపు ఇప్పటికీ అదే జోకు చెప్తడు: "అక్కడక్కడా అంటే మనది అక్కడనా, ఇక్కడనా?"

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు, నిజం ఒప్పుకోవాలె. 2014లో తెలంగాణకు దూరదర్శన్ యాదగిరి వేరుగా వచ్చింది. అంతకుముందే 24 గంటల వార్తా చానళ్లు వచ్చి ఉన్నయి. 2016లో జిల్లాలు విడిపోయినయి. పాత ఆదిలాబాద్ ఒక్కటి నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. వాతావరణ హెచ్చరిక కూడా జిల్లాల వారీగా చెప్పుడు మామూలైంది. దాంతో ఒక సంగతి జరిగింది, దాన్ని ఎవరూ గమనించినట్టు లేరు. వానాకాలంలో టీవీ యాంకర్ రోజుకు పదిసార్లు కుమురం భీం పేరు పలుకుతది. ఆరెంజ్ అలర్ట్ పక్కన భీం పేరు. జోడేఘాట్ వైపు నుంచి వచ్చిన మా దోస్త్ ఒకడు ఆ పేరు వినపడితే చాలు, తింటున్నోడు తింటున్నట్టే టీవీ దిక్కు చూస్తడు.

తర్వాత మండలాలకు ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చినయి. రాష్ట్ర ప్రణాళికా సొసైటీ పెట్టినవి వెయ్యికి పైగా ఉన్నయి. మనిషి పోయి చూసి రాయనక్కర్లేదు, వాన, ఎండ, గాలి లెక్క అవే పంపుతయి. అప్పటినుంచి చలికాలం మాదైంది. డిసెంబర్, జనవరిల్లో సిర్పూర్ (యు), గిన్నెధరి, తిర్యాణి పేర్లు స్క్రోలింగ్‌లో వస్తయి, పక్కన 7 డిగ్రీలు, 6 డిగ్రీలు అని. మొదటిసారి గిన్నెధరి పేరు చూసినప్పుడు మా గదిలో ఈలలు కొట్టినం. చలికి వణికే ఊరు పేరు చూసి ఈలలేందని వార్డెన్ సార్ తిట్టిండు. సార్‌కు ఎట్ల చెప్పాలె? మా ఊరు పేరు మంచికో చెడుకో ఎన్నికలప్పుడు తప్ప టీవీలో రాలేదు మరి.

ఇదంతా మంచి మార్పే. కానీ పేరు రావుడు వేరు, కబురు అందుడు వేరు.

రంగుల సంగతే చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండుమని, నారింజ అంటే సిద్ధంగా ఉండుమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. దాని వెనక లెక్క ఉంది. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఇది మేం కాలేజీలో చదువుకొని తెలుసుకున్నం. మా అవ్వకు ఎరుపు అంటే పండిన మిరపకాయ. టీవీ చానళ్లు ఆ రంగుల అర్థం చెప్పవు. యాంకర్ వెనక బొమ్మలో మెరుపులు, గాలికి ఊగే గొడుగు, ఉరుముల మ్యూజిక్. హైదరాబాద్‌లో ఒక కాలనీ మునిగితే రోజంతా లైవ్. మా వాగు పొంగితే కింద స్క్రోలింగ్.

ఇంక భాష. ఉపరితల ఆవర్తనం, ద్రోణి, వాయుగుండం. ఆవర్తనం అంటే పైన, కిలోమీటర్ల ఎత్తులో, గాలి గుండ్రంగా తిరుగుడు. ద్రోణి అంటే పీడనం తక్కువున్న పొడుగాటి గీత లాంటి జాగ. చేన్లో నీళ్లు పల్లం దిక్కు పోయినట్టు గాలి అటు మళ్లుతది, తేమ మోసుకొస్తది, వాన పడతది. ఇట్ల చెప్తే మా ఊర్ల ఎవరికి అర్థం కాదు? గోండిలో వానను పిర్ అంటం. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమాలు వస్తయి, మా తాతలు రేడియో చెవి దగ్గర పెట్టుకొని వింటరు. టీవీలో మాత్రం రేపు పిర్ పడతదని చెప్పినోళ్లను మేం ఇంతవరకు చూడలేదు.

2025 సంగతి చెప్పాలె. ఆ ఏడు రుతుపవనాలు మే 24నే కేరళకు వచ్చినయి. రెండు రోజులకే తెలంగాణలో అడుగుపెట్టినయని టీవీలన్నీ పండుగ చేసినయి. మామూలుగా మృగశిర కార్తె వచ్చినంక చూసే వాన, రోహిణిలోనే వచ్చింది. మా దిక్కు కొందరు ఆ వార్త చూసే పత్తి గింజలు పెట్టిన్రు. తర్వాత జూన్‌లో వాన మొహం చాటేసింది. రుతుపవనాలు వచ్చినయనే మాటకూ విత్తనం పెట్టొచ్చనే మాటకూ చాలా తేడా ఉంది. పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి బాగా తడిసినంకనే విత్తుమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్తున్నరు. ఆ ముక్క బ్రేకింగ్ న్యూస్‌లో ఉండదు. 475 గ్రాముల పత్తి ప్యాకెట్ ఆ ఏడు 901 రూపాయలు. మొలక రాక రెండోసారి గింజలు పెట్టినోళ్లకు అప్పు రెండింతలు. మా బాపు మాత్రం పెట్టలేదు. ఊర్ల విత్తనాల పూజ కాలేదని ఆగిండు. "టీవీలకు వచ్చినయట, చేన్లకు రాలే" అన్నడు. ఆయనది సైన్సా, ఆచారమా అని మేం హాస్టల్‌లో రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నం, తేలలేదు. గింజలైతే మిగిలినయి.

ఇక్కడి ఎండ గురించి కూడా ఒక మాట. టీవీలో రామగుండం 44 అంటే అది తెల్ల పెట్టెలో, నీడలో, గాలి తగిలే చోట కొలిచింది. ఓపెన్‌కాస్ట్ లోపల నీడ ఏడుంటది? నల్ల బొగ్గు, ఎర్ర మట్టి గుట్టలు, మీద ఎండ. ఓబీ పనికి పోయే కాంట్రాక్ట్ కార్మికులు మా హాస్టల్ ముందు చాయ్ బండి దగ్గర ఆగుతరు. వాళ్లకు ఆ అంకె చెప్తే "అది బయట తమ్ముడూ" అంటరు. ఆ అంకెకు ఎంత కలిపితే వాళ్ల ఎండ అవుతదో ఏ చానల్ చెప్పదు. జులైలో మాత్రం గనుల్లో నీళ్లు నిలిచి బొగ్గు ఉత్పత్తి ఆగిందని అన్ని చానళ్లూ చెప్తయి, ఇన్ని టన్నులు అని లెక్కతో సహా.

అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టేది 2023 జులై. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. అత్యంత భారీ అనే గీత 20 దగ్గర ఉంటే, ఇది దానికి మూడింతలకు పైన. జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, మనుషులు కొట్టుకుపోయిన్రు. హెచ్చరిక లేదని కాదు. అయితే అసలు వాన మొదలైతే ముందు పోయేది కరెంటు. కరెంటు పోతే టీవీ పోతది. తర్వాత టవర్ పోతది, ఫోన్ పోతది. ఏ ఊరికి కబురు ఎక్కువ కావాలో ఆ ఊరే ముందు చీకట్ల పడతది. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన మా కోయ దోస్త్ వాన పడే రాత్రుల్లో ఇప్పటికీ సరిగ్గ పండడు. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పక్కనే కూర్చుంటడు.

అందుకే పోయిన వానాకాలం నుంచి మేమే ఒక పని పెట్టుకున్నం. మండలానికి ఒకరం. సాయంత్రం టీవీ వార్త, ఫోన్‌లో వాతావరణ శాఖ జిల్లా హెచ్చరిక రెండూ చూస్తం. మూడు గంటల ముందు వచ్చే పిడుగుల హెచ్చరిక ఉంటే అది మొదలు, ఎందుకంటే పత్తి చేన్లల్ల, చెట్ల కింద మనోళ్లే పోతున్నరు. గోండిలోనో, కోలామిలోనో, కోయలోనో, లంబాడీలోనో నిమిషం దాటకుండా వాయిస్ పెడతం. ఊర్ల సిగ్నల్ దొరికే జాగకు పోయే పిల్లలు దాన్ని దింపుకొని ఇండ్లకు తీసుకపోతరు. సిగ్నల్ అసలే లేని గూడేలకు ముందురోజే చెప్పి, ఊరి పటేల్‌తో చాటింపు వేయించమంటం. ద్రోణి, ఆవర్తనం అనే మాటలు వాడం. రేపు మధ్యాహ్నం దాటినంక ఉరుములు, పశువులను తొందరగా తోలుకరండి, వాగు దాటకండి, అంతే.

కెరమెరి కోలాం తమ్ముడి అమ్మ ఆ వాయిస్ రెండుసార్లు వింటదట. ఒకసారి వాన కోసం, ఇంకోసారి కొడుకు గొంతు కోసం. ఈ జూన్‌కు ఆసిఫాబాద్, ములుగు, భూపాలపల్లి దిక్కు ఇంకా పది మండలాలకు గొంతులు కావాలె. మీ భాషలో నిమిషం మాట్లాడగలిగినోళ్లు మీ మండలం పేరు రాయండి, ఎట్ల చేస్తున్నమో మేం ఫోన్ చేసి చెప్తం.