తూము ఎక్కడ మూసుకుందో అడుగుదాం

కేసీ కాలువ కింద మడి ఎండితే రైతు ముందు మడిని తిట్టడు. పైన ఏ తూము మూశారో చూసొస్తాడు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు వైపు నుంచి కడప దాకా పారే ఆ కాలువ మా సీమకు నేర్పిన బుద్ధి ఇది. కంప్యూటర్ ముందు కూచుంటే మాత్రం ఈ బుద్ధిని మర్చిపోతున్నాం. ఈ వారం దాని గురించే.

మొన్న హాస్టల్‌లో ఉండే డిగ్రీ విద్యార్థి ఒకడు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. వాళ్లమ్మ పత్తి చేలల్లో కూలికి పోయి కూడబెట్టిన డబ్బుతో కొన్నది. పాత మిషన్‌కు విండోస్ బరువైందని సీనియర్ ఒకరు ఉబుంటు వేసిచ్చారు.

"వైఫై కార్డు కాలిపోయిందంట సార్. షాపాయన రెండు వేలు అయితాదంటాండాడు" అన్నాడు.

టెర్మినల్ తెరిపించాను. ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ కె పెట్టమన్నాను. లోపలున్న పరికరాలు వరసగా తమ పేర్లు చెప్పాయి. ఎవరు తయారుచేశారో, ఏ డ్రైవర్ నడుపుతోందో కూడా చెప్పాయి. వైఫై కార్డు ఆ వరసలోనే ఉంది. దాని కింద డ్రైవర్ పేరూ ఉంది. మరి ఏమైనట్టు?

రెండో ప్రశ్న: ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్. రేడియోతో పనిచేసే పరికరాలను ఎవరు ఆపారో అది చెబుతుంది. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. సాఫ్ట్ బ్లాక్డ్: యెస్. హార్డ్ బ్లాక్డ్: నో. అంటే మీట ఏదీ ఆపలేదు, సాఫ్ట్‌వేర్ ఆపింది. ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అని కొట్టగానే నెట్ వచ్చేసింది. ఖర్చు సున్నా.

కార్డు కాలలేదు. తూము మూసుంది, అంతే.

ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ప్రాసెసర్ గురించి అడగాలంటే ఎల్‌ఎస్‌సీపీయూ. డిస్కుల గురించైతే ఎల్‌ఎస్‌బీఎల్‌కే. యూఎస్‌బీకి తగిలించినవాటికి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ. ర్యామ్ ఎంతుందో తెలియాలంటే ఫ్రీ, హైఫన్ హెచ్. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ మీద బొమ్మ సరిగ్గా పడకపోతే, ఎక్స్11 సెషన్ నడిచే మిషన్లలో ఎక్స్‌రాండర్ చాలు. ఏ తెర తగిలించి ఉందో, ఏ సైజులు తీసుకుంటుందో చెబుతుంది. కావలసిన సైజు పెట్టుకోనిస్తుంది కూడా.

తెలుగు సాహిత్యం చదివినోడికి ఇదంతా ఎందుకు అంటారా?

"కార్డు కాలిపోయింది" అన్న మాట మనకు కొత్తది కాదు. మన పిల్లలకు బుర్ర లేదు, ఇంగ్లిష్ రాదు, కంప్యూటర్ అబ్బదు అని చెప్పే మాట ఇదే. లోపల ఏముందో అడగకుండానే తీర్పు. బళ్లో కంప్యూటర్ గదికి తాళం ఎవరు వేశారు? మిషన్ మీద "తాకరాదు" అని చీటీ ఎవరు అంటించారు? ఆ మాట మనకు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ తాగింది దాహం తీర్చుకోవడానికి కాదు. తాకే హక్కు కోసం.

మిషన్‌కున్న నిజాయితీ ఒకటుంది. ఆపితే ఆపానని ఒప్పుకుంటుంది. ఈ సమాజం ఆపేసి, నీకు మెరిట్ లేదంటుంది. కులం ఒక్క కమాండ్‌తో పోదు, అది హార్డ్ బ్లాక్. కానీ అడ్డు ఎక్కడుందో తెలిసినోడు తనను తాను తిట్టుకోడు. అది చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి. అడగడానికి చాలావరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చడానికే తరచుగా సుడో కావాలి, పాస్‌వర్డ్ కావాలి. ల్యాబ్‌లో ఆ పాస్‌వర్డ్ వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. కూలి డబ్బుతో కొన్న ఆ పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం రూట్ అధికారం నీదే. కాబట్టి ధైర్యంగా అడగండి, మార్చేముందు చదవండి. ఎవరో పంపిన సుడో లైన్‌ను అర్థం కాకుండా అతికించొద్దు. ఏ కమాండ్‌కైనా ముందు మ్యాన్ అని కొడితే అది ఏం చేస్తుందో వివరం వస్తుంది.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క పని చెబుతున్నా. "పోయింది" అని మూల పెట్టిన మిషన్ ఏదైనా ఉంటే షాపుకు పంపేముందు ఈ ప్రశ్నలు వేయండి. జవాబులు నోట్‌బుక్‌లో రాయండి. మీ జూనియర్ చేత కూడా కొట్టించండి, మీరు కొట్టి చూపించొద్దు. కీబోర్డు మీద వాళ్ల చెయ్యి పడాలి.

జై భీమ్.