నడక కోసం దాచుకునే మస్టర్లు

కమాన్‌పూర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆదివరాహస్వామి గుడి. నడక సరదా ఉన్నవాళ్లు మాత్రం స్వామికి దండం పెట్టుకుని రామగిరి ఖిల్లా దారి పడతారు. 2016లో జిల్లాలు మారాక ఖిల్లా రామగిరి మండలంలోకి వెళ్లింది, అంతే. శ్రావణంలో ఒకసారి బేగంపేట వైపు నుంచి ఎక్కి చూడండి. కోట గోడల పక్కన ఔషధ మొక్కలు, చేతిలో టిఫిన్ డబ్బాలతో జనం... కాస్త దూరంలోనే ఓపెన్‌కాస్టుల మట్టి దిబ్బలు!

ఖిల్లాకు సెలవు అక్కర్లేదు, ప్లేడే చాలు. చిక్కంతా పెద్ద నడకలతోనే. నర్మదా పరిక్రమనే తీసుకోండి. నది పొడవు 1,312 కిలోమీటర్లు. రెండు ఒడ్లూ కలిపితే 2,600 దాటుతుంది. రోజుకు 20 చొప్పున నడిచినా నాలుగు నెలల పైమాటే. 2025 దాకా అమల్లో ఉన్న గనుల చట్టం (1952) ప్రకారం భూగర్భంలో దిగే కార్మికుడికి 15 రోజుల పనికి ఒకరోజు జీతంతో సెలవు ఉండేది. అదీ ఏడాదిలో 190 మస్టర్లు నిండితేనే! ఉపరితలంలో 20 రోజులకు ఒకటి, 240 మస్టర్లు నిండాల్సి వచ్చేది. ఆ చట్టం కింద ఎంత పొదుపరైనా 30 రోజులకు మించి కూడబెట్టలేకపోయేవాడు. ఆ 30 కావాలన్నా కనీస మస్టర్లతో రెండేళ్లకు పైగా సెలవు ముట్టకూడదు. మధ్యలో ఇంట్లో పెళ్లో, చావో వచ్చిందా... లెక్క మళ్లీ మొదటికే. అందుకే ముక్కలుగా చేసే ఖండ పరిక్రమే దిక్కు. నెలకు 600 కిలోమీటర్లు. అలా ఐదు విడతలు, అంటే పదేళ్లు!

డబ్బు సంగతి కొంత నయం. లాభాల వాటా దసరా ముందు, బోనస్ దీపావళి ముందు చేతికొస్తాయి. పరిక్రమకు బయల్దేరేదీ చాతుర్మాస్యం ముగిశాక, కార్తీకంలోనే. 2024లో సింగరేణి పంచిన వాటా 33 శాతం, 796 కోట్లు. అది పిల్లల ఫీజులకూ చిట్టీలకూ పోకముందే కొంత పక్కన పెట్టాలి. రామగుండంలో రైలెక్కితే నాగపూర్ మీదుగా ఇటార్సీ. 2022 దాకా హోషంగాబాద్ అన్న నర్మదాపురం అక్కడికి దగ్గరే. దారిలో ఆశ్రమాల్లో పరిక్రమవాసులకు అన్నం పెడతారు. కాంట్రాక్టు కార్మికుడి కథ వేరు. ఆ ఏడాదే తొలిసారిగా అతనికి దక్కింది 5 వేలు. దాంతో ఎంత దూరం నడుస్తాడు?

'రిటైరయ్యాక పోదాం తియ్యన్నా' అనే మాటొకటుంది. 2021లో ఆ వయసు 61కి పెరిగింది. అప్పటికి మోకాళ్లు ఒప్పుకోవాలిగా! వచ్చే ప్లేడేన వీపున ఐదు కిలోల సంచితో ఖిల్లా ఎక్కి దిగండి. మర్నాడు ఫస్ట్ షిఫ్టుకు నవ్వుతూ వెళ్లగలిగితే ఇటార్సీ టికెట్ సంగతి చూడొచ్చు.