టౌన్ హాల్ కేకల్లో కొట్టుకుపోయిన ఒక సంభాషణ

అమెరికాలో చట్టసభల సభ్యులు ఆగస్టు విరామంలో తమ నియోజకవర్గాలకు వెళ్లి, ప్రజల ప్రశ్నలకు ఎదురుగా నిలబడి జవాబు చెప్పడం ఆనవాయితీ. టౌన్ హాల్ అని పిలిచే ఈ సభలు సాధారణంగా చప్పగా సాగిపోతాయి. 2009 ఆగస్టులో మాత్రం అలా జరగలేదు. ఒబామా ఆరోగ్య సంస్కరణల బిల్లు అప్పుడు కాంగ్రెసు ముందుంది. ఆ వేసవిలో నేను ఒహాయోలో మా అమ్మాయి ఇంట్లో ఉండి, ఆ సభలను టీవీలో గంటల తరబడి చూశాను. వెయ్యి పేజీలు దాటిన బిల్లులోంచి తమకు కావలసిన పుటలు అచ్చు తీసుకుని వచ్చిన వృద్ధులు, సెక్షన్ సంఖ్య చెప్పి మరీ నిలదీసేవారు. మూడు దశాబ్దాలు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన నాకు, రోగులు చట్టాన్ని ఇలా చేతబట్టుకుని అడగడం కొత్త.

అక్కడి వ్యవస్థ స్వరూపం తెలియనిదే ఆ కోపం అర్థం కాదు. పనిచేసే వయసువారికి బీమా చాలావరకు యజమాని ద్వారా వస్తుంది. నిరుపేదలకు మెడికెయిడ్, 65 ఏళ్లు నిండినవారికి మెడికేర్ ఉన్నాయి. రెండూ 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వచ్చిన ప్రభుత్వ పథకాలే. వీటి మధ్య సందుల్లో పడి ఏ బీమా లేకుండా మిగిలినవారు ఆనాడు నాలుగు కోట్లకు పైమాటే. సంస్కరణ ముఖ్యంగా వారి కోసం.

కాని సభల్లో గట్టిగా గొంతెత్తినవారిలో చాలామంది మెడికేర్ ఉన్న పెద్దలు. దక్షిణ కరొలినాలోని సింప్సన్‌విల్‌లో ఒకాయన, ప్రభుత్వం తన మెడికేర్ జోలికి రాకూడదని హెచ్చరించాడు. మెడికేరే ప్రభుత్వానిదన్న సంగతి తెలియదు పాపం అని ఎందరో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి పన్ను కట్టినవాడికి అది దానం కాదు, సొంత సొత్తు. మన విశ్రాంత ఉద్యోగులు పింఛను గురించి మాట్లాడే స్వరమూ ఇదే. పైగా, కొత్తవారికి బీమా కల్పించేందుకు కావలసిన సొమ్ములో కొంత మెడికేర్ వ్యయం పెరిగే వేగాన్ని తగ్గించి సమకూర్చాలన్న ప్రతిపాదన నిజంగానే ఉంది. ఆ భయానికి కొంత ఆధారముంది.

ఆధారం లేని భయం మరొకటి. బిల్లులో 1233వ సెక్షన్ అని ఒకటుండేది. రోగి కోరుకుంటే, అవసాన దశలో తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో వైద్యుడితో తీరికగా మాట్లాడుకోవచ్చు. ఆ సమయానికి వైద్యుడికి మెడికేర్ రుసుము చెల్లిస్తుంది. ఉన్నది అంతే. ఆగస్టు 7న సారా పేలిన్ ‘మరణ మండలి’ అనే మాట వదిలారు. ఎవరు బతకడానికి అర్హులో అధికారులు కూర్చుని తేలుస్తారన్నది దాని భావం. ఆ మాట వెళ్లి ఈ సెక్షన్‌కు అంటుకుంది.

మా అమ్మాయి పొరుగింటి పెద్దాయన లారీ డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఒక సాయంత్రం కంచె దగ్గర నన్ను ఆపి, “డాక్టర్, గొట్టం ఎప్పుడు తీసేయాలో మీ దేశంలో ఎవరు నిర్ణయిస్తారు?” అని అడిగాడు. ప్రభుత్వాసుపత్రిలో ఖాళీగా ఉన్న వెంటిలేటర్ల సంఖ్య, ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటివారి చేతిలో మిగిలిన డబ్బు, ఒక్కోసారి అమెరికా నుంచి కొడుకు ఎక్కిన విమానం నిర్ణయిస్తాయని చెప్పాను. మూడోదాన్ని ఆయనకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. “మరి రోగి మాట?” అన్నాడు. చాలాసార్లు ఎవరూ అడగరన్నాను. 1233 సంగతి వివరిస్తే శ్రద్ధగా విని, తనను అడుగుతామంటే అభ్యంతరం లేదని ఒప్పుకున్నాడు. అయినా ఒబామాను నమ్మనన్నాడు.

ఆ సంభాషణ ఎంత అవసరమో వార్డులో రాత్రి డ్యూటీ చేసిన ప్రతి వైద్యుడికీ తెలుసు. క్యాన్సర్ శరీరమంతా పాకిన ఎనభై ఏళ్ల మనిషికి గుండె ఆగినప్పుడు ఛాతీ మీద బలంగా నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి. గుండె తిరిగి కొట్టుకున్నా, ఆ మనిషి ఇంటికి వెళ్లడం బహు అరుదు. ఇది ముందే చెప్పాలంటే కనీసం అరగంట కావాలి. విస్కాన్సిన్‌లోని లా క్రాస్ అనే చిన్న నగరంలో వైద్యులు 1990ల నుంచి ఈ పనిని ఓపికగా చేస్తూ వచ్చారు. అక్కడ మరణించేవారిలో దాదాపు అందరూ తమ కోరికను ముందే కాగితం మీద పెట్టి ఉంటారు.

చివరికి ఆ సెక్షన్ లేకుండానే 2010 మార్చి 23న చట్టం వచ్చింది. 2011 జనవరిలో నిబంధనల ద్వారా చేర్చినట్టే చేర్చి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2016 జనవరి నుంచి మెడికేర్ ఆ రుసుము చెల్లిస్తోంది. ఈసారి పెద్దగా గొడవ లేదు. జనం అప్పటికి వేరే విషయాల మీద వాదించుకుంటున్నారు. 2017లో అవే టౌన్ హాళ్లలో, అదే కోపంతో, ఆ చట్టాన్ని రద్దు చేయవద్దని అరిచారు. 2025లో బీమా రాయితీల మీద తగవు ముదిరి కేంద్ర ప్రభుత్వమే 43 రోజులు స్తంభించింది.

2008లో పేలిన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నది జాన్ మెకెయిన్. 2017 జూలై 28న రద్దు ప్రయత్నాన్ని తన ఓటుతో ఓడించినదీ ఆయనే. అప్పటికే మెదడులో క్యాన్సర్ ఉందని తేలింది. 2018 ఆగస్టులో ఇక చికిత్స చాలునని నిర్ణయించుకున్నారు. కుటుంబం ఆ సంగతి ప్రకటించిన మరునాడే కన్నుమూశారు.

మన దేశంలో ఇలాంటి ముందస్తు వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. మనం మాట్లాడలేని స్థితిలో మన తరఫున నిర్ణయించవలసినవారి పేర్లు అందులో రాయాలి. నేను ఆ ఏడాదే రాసి అమ్మాయికి ప్రతి పంపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసి, వెంటిలేటర్ గురించి రాసిన పేరాలో రెండు సందేహాలు అడిగింది. ఒకదానికి జవాబు చెప్పగలిగాను. రెండోదాని కోసం కాగితం తిరగరాశాను.