చదువు కాపాడిన సౌధము

హైదరాబాదులో మూసీనది దక్షిణపుటొడ్డున, హైకోర్టునకు చేరువలో నిలిచియున్న సిటీ కళాశాలను చూచినప్పుడెల్ల, ఒక కట్టడమునకు దీర్ఘాయువు నొసగునది రాతిబలమా, లేక మనుష్యుల రాకపోకలా యను విచారము నా మనస్సును విడువదు.

1908 సెప్టెంబరు వఱదకు నగరము తల్లడిల్లిన పిదప, నదీతీరమును తీర్చిదిద్దు తలంపుతో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున లేచిన సౌధములలో, విన్సెంట్ ఈష్ రూపకల్పనచేసిన యీ సిటీ హైస్కూలు ఒకటి. 1921లో ఇంటర్మీడియట్ తరగతులు చేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయ పోషణలో పాఠశాల క్రమముగా కళాశాలయైనది. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఇచట ఉర్దూ సాహిత్యము బోధించెను. 1952 సెప్టెంబరులో, ఉద్యోగములు స్థానికులకే దక్కవలెనని కోరిన ముల్కీ యుద్యమకారులపై తుపాకులు పేలినదియు ఈ పరిసరముననే.

గుమ్మటములు, కమానులు కన్నులకు విందు. కాని మండువేసవిలో చదువరికి మేలుచేయునవి ఎత్తైన పైకప్పులును, మందమైన గోడలును. ఇట్టి సున్నపుగోడను బాగుచేయునపుడు సిమెంటు పూసినచో లోనిచెమ్మ వెలికి రాజాలక గోడనే తినివేయును; పాతగోడకు సున్నమే పథ్యము.

పాతబస్తీ పిల్లలు పాఠములు వినుచున్నంతకాలము ఈ కట్టడము కేవల స్మారకము కానేరదు. కావున శిథిలమగుచున్న ప్రతి పాతబడిని బాగుచేయించి జనుల వినియోగమునకే యుంచుట ప్రభుత్వమునకును పౌరులకును సమానధర్మమని నా దృఢవిశ్వాసము.